డిక్కీలో పెళ్లి ప్రకటన

ఆ ఆదివారం పొద్దున అబ్రహాము వేసుకున్న పథకం చాలా చిన్నది. ఏడింటికి స్కూటరు సీటు కింద కొత్త రబ్బరు వేయించడం, ఏడున్నరకు భార్య సలోమిని ఎక్కించుకుని నంద్యాలలో బయలుదేరడం, తొమ్మిదిన్నర ఆరాధనకు ముందే ఆళ్లగడ్డ చర్చిలో పాస్టరు అయ్యగారి చేతికి లెటరు ఇవ్వడం. ఇందులో తప్పిపోవడానికేముంది అనుకున్నాడు. ముప్పై ఏళ్లు లెక్కలు చెప్పిన మాస్టారికి ఆ మాత్రం ధీమా ఉంటుంది.

లెటరు కూతురు జెస్సీ పెళ్లిది. పెళ్లికొడుకు స్టీఫెన్‌ది ఆళ్లగడ్డ. పెళ్లికి ముందు మూడు ఆదివారాలు రెండు ఊళ్ల చర్చిల్లోనూ ప్రకటన చదవాలి. అభ్యంతరం ఉన్నవాళ్లు లేచి చెప్పాలి. ఆళ్లగడ్డలో చదవడానికి నంద్యాల అయ్యగారి లెటరు కావాలి. పోయిన వారం ఆ లెటరు స్కూటరు సీటు కింది డిక్కీలో ఉండగా వాన పట్టుకుంది. సీటు అంచు రబ్బరు చీలిపోయి ఉండడంతో నీళ్లు దిగి, జెస్సీ పేరూ స్టీఫెన్ పేరూ పెళ్లికి ముందే కలిసిపోయాయి. నంద్యాల అయ్యగారి చేత మళ్లీ రాయించుకునేసరికి ఒక వారం పోయింది. క్రిస్మసుకు ముందు నాలుగు వారాలు ఆ చర్చిలో పెళ్లిళ్లు చేయరు. ఈలోగా మిగిలినవి సరిగ్గా మూడు ఆదివారాలు. ఈరోజు తప్పితే పెళ్లి జనవరికి పోయినట్టే. శుభలేఖలు అప్పటికే పంచేశారు.

“లెటరు ఇట్లియ్యి, నా సంచిలో పెట్టుకుంటా,” అంది సలోమి, మెకానిక్కు షెడ్డు దగ్గర.

“మరి రబ్బరు ఏయించిందెందుకు?” అన్నాడు అబ్రహాము.

బాగు చేయించిన వస్తువును వెంటనే వాడకపోతే అతనికి అన్నం సయించదు. లెటరు డిక్కీలో పెట్టి సీటు మూశాడు. పడలేదు. కొత్త రబ్బరు మందంగా ఉంది. ఎగిరి కూర్చుంటే టక్కుమని పడింది. మెకానిక్ శ్యాంసుందర్ వెనక నుంచి ఏదో చెబుతూ పరిగెత్తుకొచ్చాడు. సాగనంపుతున్నాడనుకుని అబ్రహాము చెయ్యి ఊపి బండి పోనిచ్చాడు.

శిరివెళ్ల బంకులో పెట్రోలుకు ఆగినప్పుడు అసలు సంగతి బయటపడింది. ఆ బండికి పెట్రోలు మూత సీటు కిందే ఉంటుంది. అరగంట సేపు తాళం తిప్పినా సీటు లేవలేదు.

“శ్యాంసుందర్ ఏం చెప్పినాడో విన్నావా?” అన్నాడు భార్యతో.

“నువ్వు చెయ్యి ఊపుతాండావ్ గదా, నీకే చెప్పినాడనుకుంటి.”

ఉన్న పెట్రోలుతో బయలుదేరారు. ఆళ్లగడ్డ ఇంకో రెండు కిలోమీటర్లుందనగా బండి దగ్గి ఆగిపోయింది.

“ఆటోలో పోదాం రాయ్యా,” అంది సలోమి.

“లెటరు ఈడ పెట్టి ఆడికి పోయి ఏం జేస్తాం?”

ఇద్దరూ తోశారు. చర్చి వాకిట్లోకి వచ్చేసరికి పదీ పది. లోపల అయ్యగారి గొంతు మైకులో వినబడుతోంది: “...ఈ వివాహమునకు ఎవరికైనా అభ్యంతరమున్న యెడల ఇప్పుడే తెలుపవలెను.” ఎవరిదో వేరే జంట ప్రకటన అయిపోవస్తోంది, తమది తప్పిపోతోంది అనుకున్నాడు అబ్రహాము. లెటరు తన బండిలో ఉండగా తన కూతురి పేరు చదువుతారని ఎలా తోస్తుంది? చెమటలు కారుతుండగా లోపలికి పరిగెత్తాడు.

“అయ్యగారూ, ఆగండి.”

తలలన్నీ వెనక్కి తిరిగాయి. పెళ్లికూతురి తండ్రే పెళ్లి ఆపాడు.

“లెటరు ఉంది. బండిలో ఉంది. చూపిస్తాను,” అన్నాడు ఆయాసపడుతూ.

“ఏందంట?” అంది వెనక వరసలో ఒకావిడ.

“లెటరు దొరికిందంట.”

“ఎవరు రాసింది?”

“ఇంకెవరు, పెళ్లికొడుకే అయ్యుంటాడు.”

“ఎవరికి?”

“ఇంకో పిల్లకేమో. లేకుంటే ఊరికేనే నంద్యాల నుంచి బండి తోసుకొస్తాడా?”

జన్మలో ఎవరికీ ఉత్తరం రాయని స్టీఫెన్ కూడా, ఎప్పుడు రాశానా అని గుర్తు చేసుకోసాగాడు. అందరూ వాకిట్లోకి నడిచారు. పెళ్లికొడుకు తండ్రి జయరాజు భారీ మనిషి. ముఖం ఎర్రగా చేసుకుని వచ్చి స్కూటరు మీద కూలబడ్డాడు.

“మా పిల్లోడు ఏం రాసినాడో చూపించు బావా. చూసిందాకా ఈడ్నుంచి లేసేది లేదు.”

అదే సమయానికి అబ్రహాము తాళం తిప్పుతున్నాడు. పైన బరువు పడి రబ్బరు అణిగింది, టక్కుమంది. జయరాజు ఉలిక్కిపడి లేచాడు, సీటూ ఆయనతోపాటే లేచింది. శ్యాంసుందర్ చెప్పబోయింది ఇదే: తాళం తిప్పేటప్పుడు సీటును గట్టిగా అదమాలి.

లెటరు మీద చుక్క తడి లేదు. జయరాజు లాక్కుని పైకి చదివాడు: “ఈ వివాహమునకు మా సంఘములో ఎవరికిని ఏ అభ్యంతరమును లేదు.”

చదివి అబ్రహామును చూశాడు. “ఎవురికీ లేదంట. మరి నీకేముంది బావా?”

“నాకేముంటాది? ప్రకటన తప్పిపోతాదని వచ్చినా.”

“చదివింది మీదే గదప్పా,” అన్నారు అయ్యగారు. “మీ అయ్యగారు శుక్రవారమే వాట్సాప్‌లో ఫోటో పంపినారు. కాగితం పెళ్లినాటికిస్తే చాలు.”

సలోమి భర్తను ఒక చూపు చూసింది. దాన్ని వర్ణించకపోవడమే మంచిది. అబ్రహాము ఊపిరి పీల్చుకునేలోపు సంఘం కార్యదర్శి గొంతు సవరించుకున్నాడు.

“అభ్యంతరం వచ్చిన ప్రకటన లెక్కలోకి రాదు సార్. కమిటీ విచారించాల.”

ఎవరి వల్లా ఆగని పెళ్లి తన నోటితోనే ఆగిపోయేలా ఉంది. కార్యదర్శిని బతిమాలాడు, అయ్యగారిని బతిమాలాడు, చివరికి జయరాజును కూడా బతిమాలాడు అబ్రహాము. ఆరాధన కాగానే కమిటీ మెట్ల మీదే కూర్చుంది. గంట సేపు విచారించి, రిజిస్టరులో రాసి అతని చేత సంతకం పెట్టించుకుంది: “అభ్యంతరం: స్కూటరు సీటు తెరుచుకోలేదు. పరిష్కారం: తెరుచుకున్నది.” ప్రకటన చెల్లుతుందన్నారు.

రెండో ఆదివారం ప్రకటన చదివినప్పుడు సంఘమంతా ముందు వాకిలి వైపు తిరిగి చూసి, ఎవరూ రావడం లేదని రూఢి చేసుకున్నాకే ఆమేన్ అంది.