గల్లీ అంతా ఒకటే పప్పు

రా బిడ్డా, ఇంకొంచెం దగ్గరికి జరుగు. ఛత్రినాకలో మా వెనక గల్లీ సీమోను ఉద్యోగం పప్పులో మునిగి తేలిన సంగతి చెబుతాను.

డెబ్బైల నాటి మాట. తిండిలో మాంసకృత్తులు ఎంత ఉన్నాయో చూసే లాబులో సీమోను టెంపరరీగా పనిచేసేవాడు. ఊళ్లో అలాంటి లాబులు రెండు. ఒకరు పచ్చి పప్పు తూచేవారు, ఇంకొకరు ఉడికిన పప్పు తూచేవారు. ఒకరి లెక్క ఇంకొకరికి అక్కరకు వచ్చేది కాదు. ఇకపై అందరిదీ ఒకే గిన్నె, ఒకే కొలత, ఒకే పద్ధతి కావాలని సీమోను పెద్దసారు సోమశేఖర్ పట్టుబట్టాడు. రెండు లాబుల లెక్కలూ కలిస్తే సీమోను పర్మనెంటు. కలవకపోతే ఇంటికి.

ఒకరోజు పొద్దున సీమోను తన గల్లీలోనే ఇంటింటికీ ఒకేలాంటి మూతగిన్నె పంచాడు.

"లాబుల పరీక్షకు, మీరు రోజూ తినే పప్పే గీ గీత దాకా పొయ్యిండ్రి. పగటాల్ల వచ్చి తీస్కపోత."

చిక్కు ఇక్కడే వచ్చింది. పరాయివాళ్ల గిన్నెను ఖాళీగా తిప్పి పంపని గల్లీ అది. అలాంటిది నీళ్ల పప్పు పోసి పంపితే ఇంటి పరువేం కావాలి? ఆగమ్మ తన పప్పులో గరిటె తిప్పి చూసుకుంది. గరిటెకు పప్పు తగిలితేనా? తిన్నగా, పప్పు చిక్కగా వండే సక్కుబాయి ఇంటికి నడిచింది.

"అక్కా, జర నీ పప్పు పొయ్యవా? ఆఫీసు సార్లు తింటరంట."

"పరీక్షకన్నడు గదనే సీమోను?"

"నోట్లె పెట్టుకోకుంట ఏం పరీక్ష చేస్తరక్కా?"

ఆ మాట సక్కుబాయికి సబబుగానే తోచింది. పొయ్యి మీది చిన్న గిన్నె దించి పెళ్లిళ్ల గుండిగ ఎక్కించింది. తాలింపు వాసన గల్లీ మలుపు తిరిగేసరికి కాశమ్మ వచ్చింది, ఆమె వెనక మిగతావాళ్లంతా మూతగిన్నెలతో వచ్చారు. "మా పప్పు ఇంకా ఉడకలేదక్కా" అన్నారు అందరూ.

ఏమీ ఎరగని సీమోను సగం గిన్నెలు ఒక లాబుకు, సగం రెండో లాబుకు చేర్చాడు. మర్నాడు లెక్కలొచ్చాయి. రెండూ అచ్చంగా ఒకటే! సీమోను ఎగిరి గంతేయబోయాడు గానీ సారు ముఖం చూసి ఆగిపోయాడు.

"ఇన్ని ఇండ్ల పప్పు ఒక్కతీరు ఎట్లుంటదయ్యా? నీ ఇంట్ల ఒండి అన్నిట్ల పోసినవా?"

"ఏసయ్య తోడు సార్, ఇల్లిల్లు తిరిగి తెచ్చిన!"

"అయితే వాళ్లనే వచ్చి చెప్పమను. లేకుంటే రేపట్నించి నువ్వు రాకు."

గల్లీ ఆడవాళ్లంతా లాబుకు కదిలారు. సీమోను మీద ఈగ వాలనిస్తారా?

"నా పప్పు నేనే ఒండిన సారూ" అంది ఆగమ్మ. "నాది నేనే" అంది కాశమ్మ. సక్కుబాయి పళ్లబిగువున ఓర్చుకుంది. సారు మెత్తబడ్డాడు కూడా. ఆగమ్మ అక్కడితో ఊరుకుంటే బాగుండేది.

"ఎల్లిగడ్డ దంచి తాలింపుల ఎయ్యాలె సారూ. నా చేతి మర్మం గదే!"

"నీ మర్మమా?" సక్కుబాయి కొంగు బిగించింది. "గుండిగ తోమి నా రెక్కలు పడిపోయినయ్! గల్లీ మొత్తం నా పప్పే సారూ!"

ఇక లొల్లే లొల్లి. సీమోను గోడకానుకుని కూలబడ్డాడు. సారు మాత్రం కుర్చీలోంచి దిగ్గున లేచాడు.

"ఆగుండ్రమ్మా! అన్ని గిన్నెలల్ల ఒక్క గుండిగ పప్పేనా?"

"మా పోచమ్మ తల్లి మీద ఒట్టు!" అంది సక్కుబాయి.

"ఒకటే పప్పు రెండు లాబులు కొలిస్తే ఒకటే లెక్క వచ్చింది. అంటే మన పద్ధతి పక్కా! నేను చేయాల్సిన పరీక్ష మీరే చేసి పెట్టిండ్రు. లేవయ్యా సీమోనూ, నువ్వు పర్మనెంటు!"

ఆ పద్ధతి తర్వాత చాలా ఊళ్ల లాబులకు పోయింది. ఆ గల్లీలో ఎవరేం తింటున్నారో మాత్రం ఏ లాబుకూ తెలియలేదు.

గుర్తుంచుకో బిడ్డా, నీ తోటివాళ్లకు కూడా చెప్పు. పల్చటి పప్పు ఎవరిదని అడిగితే మాత్రం ఒక్క ఆగమ్మ పేరే చెప్పకు. ఇంట్లో చిక్కటి పప్పే ఉంటే మిగతావాళ్లు గిన్నెలు పట్టుకుని ఎందుకొస్తారు?