తూకం యజమాని సెలవులో ఉన్నాడు

ఆ రోజు మధ్యాహ్నానికల్లా పర్మనెంటు ఉత్తర్వు చేతికొస్తుందని, వెంటనే బస్సెక్కి కర్నూలులో ఉన్న అమ్మకు చూపించాలని శివజ్యోతి గంజి పెట్టిన చీర కట్టుకొని పనికి వచ్చింది. బనగానపల్లె దగ్గరి ఆ మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో ఆమె ఏళ్ల తరబడి టెంపరరీ గుమాస్తా.

నెల కిందట హైదరాబాదు నుంచి ఒక సలహాదారు వచ్చి, ఇక్కడ పనులకు పద్ధతి లేదని తేల్చాడు. ప్రతి పనికీ ఒక 'ప్రాసెస్ ఓనర్' ఉండాలన్నాడు. వాళ్ల పేర్లతో బోర్డులు తెలుగులో రాయమంటే, ఓనరంటే యజమానే కదా అని శివజ్యోతి అలాగే రాసింది. గేటు యజమాని కంబన్న. తూకం యజమాని జయరాజ్. కొనుగోలు యజమాని శివజ్యోతి. ఫ్యాక్టరీ సొంతదారు వీరభద్రకు ప్రత్యేకించి ఏ పనీ లేదు గనుక ఏ బోర్డూ రాలేదు. "ఒకరి పనిలో ఒకరు వేలు పెట్టగూడదు, నేనైనా సరే" అని ఆయన మీటింగులో అంటే అందరూ చప్పట్లు కొట్టారు.

ఆ పొద్దున పండిన మామిడితో లారీ వచ్చింది. కొత్త పద్ధతి ప్రకారం గేటు తెరవాలంటే ముందు తూకానికి జయరాజ్ కంప్యూటరులో సరేనని నొక్కాలి. జయరాజేమో భార్య కాన్పుకని కడప పోయాడు, ఫోను ఎత్తడం లేదు. ఇదివరకు ఎవరుంటే వాళ్లు తూచేవాళ్లు. ఇప్పుడు శివజ్యోతి నొక్కబోతే, ఇది మీ పని కాదంది కంప్యూటరు.

"యజమాని యాడప్పా?" అన్నాడు డ్రైవరు.

కంబన్న బోర్డు చూపించి, "నేనే" అన్నాడు.

ఎండ ముదిరింది. లారీ చెక్కల సందుల్లోంచి రసం కారి ఈగలు ముసిరాయి. వీరభద్ర పరుగున వచ్చి గేటు తియ్యమన్నాడు.

"తీస్తా సార్. మీరు దేనికి యజమాని? మీ పేరు యాడా లేదే" అన్నాడు కంబన్న. అందులో ఎగతాళి లేదు, ఉద్యోగం పోతుందన్న భయం తప్ప.

వీరభద్ర సలహాదారుకు ఫోను చేశాడు. పద్ధతి ఇంత చక్కగా నడుస్తున్నందుకు అతను అభినందించాడు.

సాయంత్రానికి లారీలో సగం కుళ్లిపోయింది. వీరభద్ర శివజ్యోతిని పిలిపించాడు.

"ఈ సరుకు కొనిందెవరమ్మా?"

"మీరు చెప్తేనే కదా సార్ కొనింది."

"బోర్డు మీద ఎవరి పేరుండాది?"

బస్సు ఎప్పుడో వెళ్లిపోయింది. ఆమె నెమ్మదిగా ఉత్తర్వు సంగతి అడిగింది.

"యజమానిని ఎవరన్నా పర్మనెంటు చేస్తారా?" అన్నాడాయన. బోర్డుల మహిమ ఆయనకు అప్పుడే బాగా అర్థమైంది. ఇంకొకటి రాసి పొమ్మన్నాడు.

'లాభం యజమాని: వీరభద్ర' అని ఆమె గుండ్రటి అక్షరాలతో రాసింది. కంప్యూటరులోనూ ఎక్కిస్తే, అది ఏ అభ్యంతరమూ చెప్పలేదు.