కంప్యూటర్‌కు పవళింపు సేవ

నవ్వితే నవ్వండి గానీ, ఎనభై తొమ్మిదిలో ఆదోని జిన్నింగ్ మిల్లులన్నిటిలో కంప్యూటర్‌ను పద్ధతిగా ఆపడం తెలిసినవాణ్ణి నేనొక్కణ్ణే. బెంగళూరులో వారం రోజులు నేర్చుకుని వచ్చాను మరి. ఇంత పెద్ద సంగతి ఎవరూ అడగరు కాబట్టి నేనే చెప్పుకునేవాణ్ణి.

మా సావుకారు కాశప్ప తెప్పించింది ఒళ్ళో పెట్టుకునే రకం. ఆపే మంత్రం నాలుగు ముక్కలు. పైవరసలో రెండో మీటతో రాసింది దాచు, పదో మీటతో బయటికి రా, పచ్చదీపం ఆరేదాకా ఆగు, అప్పుడు స్విచ్చి ఆపు. ఎమ్మిగనూరులో మా ఇంట్లో రోజూ సంధ్యావందనం కాగానే దీన్ని కూడా పైకే వల్లించేవాణ్ణి. మా ఆవిడ తుంగాబాయి వంటింట్లోంచి వినేది. వినక చస్తుందా పాపం.

సోమవారం బొంబాయి వ్యాపారులు వస్తారు. ఇరవై రెండు రకాల పత్తి జాబితా తెర మీద చూపించాలి. చూపిస్తే కంప్యూటర్ కుర్చీ నాది, లేకుంటే గుమాస్తా భీమరావుది. ఇంట్లో కూర్చుని టైపు కొడతానని సావుకారును బతిమాలి, శనివారం దాన్ని బస్సులో పసిబిడ్డలా తెచ్చాను. అసలు సంగతి, వీధిలో వాళ్ళకు చూపించాలని. ఆ తొందరలో చార్జరు మిల్లులోనే మరిచాను.

బ్యాటరీ ఉండేదే రెండు గంటలు. అయినా వచ్చినవాళ్ళకల్లా వెలిగించి, ఆపి, మీటలు ముట్టి చూపించి, పద్నాలుగు సార్లు నా విద్య ప్రదర్శించాను. ఆ తర్వాత పొదుపు గుర్తొచ్చి తెర వెలుతురు తగ్గించాను. కళ్ళు చికిలించి జాబితా కొట్టి, మూత వేసి నిద్రపుచ్చాను.

"దాచలేదేం?" అంది తుంగాబాయి.

"నిద్రలో అంతా గుర్తుంటుంది దానికి."

"నిద్రపోయేదానికి మాత్రం కరెంటు వద్దా?"

ఆడవాళ్ళకు ఇవన్నీ ఎందుకన్నాను. వీధి పిల్లలు ముట్టకుండా దేవునింట్లో పీట మీద పెట్టి, స్నానం చేయనివాళ్ళు గడప దాటకూడదని షరతు కూడా పెట్టాను. నా తెలివికి నేనే మురిసిపోయాను.

ఆదివారం పొద్దున, బొంబాయి వాళ్ళు చూసే తల కదా అని క్షవరానికి పోయాను. తిరిగొచ్చేసరికి దేవునింట్లోంచి కీచుకీచుమని అరుపు. బ్యాటరీ అయిపోతోందన్నమాట. పరుగెత్తాను. గడపకు అడ్డంగా తుంగాబాయి.

"యాడికి పోతాండారు? క్షవరం తలతో దేవునింట్లోకా?"

"బ్యాటరీ చస్తాందే. జాబితా పోతాది, కుర్చీ పోతాది."

"షరతు పెట్టింది మీరే. ముందు నీళ్ళు పోసుకొని రాండి."

స్నానాల గదిలోకి దూకాను. కళ్ళలో సబ్బు. అక్కణ్ణించే "పదో మీట నొక్కు, కాదు, స్విచ్చి ఆపు, కాదు కాదు, రెండోది" అని అరిచాను. అంత వల్లించిన మంత్రం అవసరానికి తలకిందులైంది. ఇంతలో కీచుమనడం ఆగిపోయింది. నా గుండె కూడా ఆగినంత పనైంది.

తడిబట్టలతో వచ్చి చూస్తే దీపం లేదు, తెర నల్లగా ఉంది. కుర్చీ పోయిందని ఆ పూట అన్నం సయించలేదు. తుంగాబాయి మాత్రం రెండోసారి చారు పోసుకుని నింపాదిగా భోంచేసింది.

సోమవారం మిల్లులో చార్జరు తగిలించి, రాఘవేంద్రస్వామిని తలుచుకుని వెలిగించాను. ఇరవై రెండు రకాలూ వరసగా ఉన్నాయి. బొంబాయి వాళ్ళు భేష్ అన్నారు, సావుకారు నా వీపు తట్టాడు. చచ్చిన బ్యాటరీలో జాబితా ఎలా బతికిందో నాకు మాత్రం అంతుపట్టలేదు.

సాయంత్రం ఇంటికి రాగానే తుంగాబాయిని అడిగాను.

"మీరు సబ్బు నురగలో ఉన్నప్పుడే. మూత తీసినాను. రెండో మీట, పదో మీట. పచ్చదీపం ఆరేదాకా ఆగి స్విచ్చి ఆపినాను," అంది.

"మరి నిన్ననే చెప్పలేదేమే?"

"చెప్తే వీధంతా చాటి వస్తారు. ఒక్కపూటన్నా మీ నోటికి కూడా కాస్త పొదుపు అలవాటవుతుందని."

సిగ్గుపడాలో గర్వపడాలో తెలియలేదు గానీ, నిజం చెప్తున్నాను, గర్వమే ఎక్కువైంది.

మర్నాడు సావుకారు భీమరావుకు కూడా నేర్పమన్నాడు. వెలిగించడం నేను నేర్పుతానన్నాను. ఆపడం నేర్చుకోవాలంటే ఎమ్మిగనూరు బస్సెక్కి మా ఇంటికి రమ్మన్నాను. వచ్చేముందు స్నానం చేసి రమ్మని కూడా చెప్పాను.