కిటికీ లేని గది

గురువారం పొద్దున్నే తూరె ఆఫీసుకు సెలవు పెట్టి, చొక్కా చేతులు మడిచి, ఇంట్లోని సామాన్ల గది ఖాళీ చేయడం మొదలుపెట్టాడు. వచ్చే వారం తుర్కు రేవు నుంచి స్టాక్‌హోమ్‌కు ఓడలో వెళ్ళి రావాలి. పిల్లలతో ఇదే మొదటి ప్రయాణం. ఓడలో తీసుకున్నదేమో కిటికీ లేని గది, గోడకు నాలుగు పడకలు. అయిదేళ్ళ విల్యా, మూడేళ్ళ ఓయ్వా సొంత మంచం మీదే ఒక పట్టాన నిద్రపోరు. ఆ గదిలో ఏడుపు లంకించుకుంటే ఓడ ఓడంతా లేచి కూర్చుంటుంది.

"అందుకే ఇవాళ్టి నుంచి నలుగురం ఇందులోనే పడుకుంటాం. అలవాటైపోతుంది," అన్నాడు.

"నీ బుర్రే బుర్ర!" అంది భార్య హిల్లా. ఆమె సిటీ బస్సు నడుపుతుంది. బడికి బయల్దేరిన పిల్లల్ని గుమ్మం బయట నిలబెట్టి, ఓయ్వా చేతితొడుగుల కోసం మళ్ళీ లోపలికి పరిగెత్తింది.

అంతలో కింది వాటా రౌనియో మెట్లెక్కి వచ్చాడు. భార్య పోయిన ముసలాయన. ఎవరేం చెప్పినా ఆయన నోటి నుంచి వచ్చేది ఒకటే మాట. మెట్ల మీద గుట్టగా పడున్న పెట్టెల్నీ, మంచు మీద జారే స్కీల్నీ చూసి ఆగాడు.

"మేం ఇంక కిటికీ లేని గదిలో ఉంటాం తాతయ్యా," అంది విల్యా. "నలుగురం అందులోనే. ఒక్కొక్కళ్ళకి ఒకటే సంచి. బొమ్మలకి చోటు లేదని నాన్న చెప్పాడు."

"అలాగా," అన్నాడు రౌనియో.

ఎదుటివాళ్ళ కష్టం గురించి మొహం మీదే అడగడం ఆ మేడలో ఎవరికీ చేతకాదు. చేతనైంది తెచ్చి, బెల్లు కొట్టి, తలుపు తెరిచేలోగా మాయమైపోతారు. విల్యా మాట మేడంతా పాకి, మధ్యాహ్నానికి తూరె గుమ్మంలో మూడు గిన్నెల బఠాణీ సూపు, పిల్లల చలికోట్లు, ఒక పరుపు చేరాయి. ఒక్క ఓడ ప్రయాణానికి ఇంత అభిమానమా అని అతని మనసు పొంగిపోయింది.

పిల్లల బడి నుంచి పిరియో టీచరు ఫోను చేసింది. "విల్యా అంతా చెప్పిందండీ. మీరేం మొహమాటపడకండి."

"మొహమాటమెందుకు టీచర్! ఎప్పుడో చేయాల్సిన పని. పిల్లలు చిన్నవాళ్ళని ఇన్నాళ్ళూ ఆగాం."

"మరి... తిండి సంగతి?"

"దానికి ఢోకా లేదు. పళ్ళెం పట్టుకుని వరసలో నిలబడితే కావలసినంత పెడతారట."

"మీ ధైర్యానికి దణ్ణం పెట్టాలండీ."

పిల్లలతో ఓడెక్కడానికి ధైర్యం కావాలని తూరెకూ తెలుసు. వినయంగా ఒప్పుకున్నాడు.

సాయంత్రం హిల్లా పిల్లలతో వచ్చేసరికి లోపల కాలు పెట్టే సందు లేదు. ఆమె ఇదేమిటని అడిగేలోగా బెల్లు మోగింది. ఈసారి కొట్టినవాడు పారిపోలేదు. టోపీ చేత్తో పట్టుకుని రౌనియో నిలబడి ఉన్నాడు.

"మా ఇంట్లో రెండు గదులు ఖాళీ," అన్నాడు నేల చూస్తూ. "మీరు వచ్చేయండి. అద్దె మాట ఎత్తొద్దు. కిటికీలున్నాయి."

హిల్లా కూతురి వైపు చూసింది, సామాన్ల గది వైపు చూసింది, చివరికి మొగుడి వైపు చూసింది.

తూరె మొహం కందగడ్డయింది. "ఓడండీ... వచ్చే వారం... పిల్లలకి అలవాటు చేద్దామని..."

రౌనియో సూపు గిన్నెల వైపు చూశాడు. "అలాగా," అన్నాడు. "సూపు చల్లారిపోతోంది."

అందరూ కూర్చుని తిన్నారు. తరవాత తూరె సిగ్గు చంపుకుని, టీచరుకు ఫోనులో సంగతి విన్నవించి, కోట్లూ పరుపూ మోసుకుంటూ గడపగడపా తిరిగాడు. ఒక్కరూ వెనక్కి తీసుకోలేదు. "ఉంచుకోండి, ఓడ మీద గాలి జాస్తి," అన్నారు. అతని ఎదుట ఎవరూ నవ్వలేదు కూడా. తలుపులు మూసుకున్నాకే నవ్వారు. ఇలాంటి మనుషుల మధ్య ఉంటూ ఒక్కరినీ ఏనాడూ కాఫీకి పిలవలేదే అని అతనికి మొదటిసారి తట్టింది.

తిరిగొచ్చేసరికి ఇల్లు నిశ్శబ్దంగా ఉంది. హిల్లా పెదవి మీద వేలుంచి సామాన్ల గది చూపించింది. లోపల రౌనియో వెల్లకిలా పడుకుని గుర్రు పెడుతున్నాడు. ఓయ్వా ఆయన పొట్ట మీద, విల్యా ఆయన చేతి మీద, ఒళ్ళు తెలియకుండా నిద్రపోతున్నారు.

"చూద్దువు రా తాతయ్యా అని విల్యా లాక్కెళ్ళింది," అంది హిల్లా గుసగుసగా. "ఆయన పక్కన వాలారో లేదో, ఇద్దరూ పడిపోయారు."

మరునాడే తూరె కిందికెళ్ళి ఆయన్ని ప్రయాణానికి పిలిచాడు. ఓడలో పిల్లలిద్దరూ ఒకే పడకలో సర్దుకుని హాయిగా నిద్రపోయారు. రౌనియో గుర్రుకు తూరె, హిల్లా మాత్రం కన్ను మూయలేదు.

తుర్కు రేవులో దిగాక రౌనియో టోపీ సవరించుకుని, "బాగుంది. మళ్ళీ వెళ్దాం," అన్నాడు.

ఆయన నోట ఇన్ని మాటలొస్తే ఆ మేడవాళ్ళు దాన్ని ఉపన్యాసం అంటారు.