ప్రేమలీల టీచరు దుప్పికొమ్ము

ఆ ఉదయం ప్రేమలీల టీచరు తలపెట్టింది చిన్న పనే. రామేశ్వరం నుంచి అన్నయ్య తెచ్చిన తెల్లటి పగడపు కొమ్మను తువ్వాల్లో చుట్టుకుని, కాగితం మిల్లు కాలనీ బడిలో ఏడో తరగతి పిల్లలకు చూపించడం. ఇన్‌స్పెక్టరు వచ్చే రోజు. ఆమె ఉద్యోగం ఖాయమయ్యేదీ లేనిదీ ఆ పాఠం మీదే ఉంది.

రాయగడ బస్సు కుదుపుకి తువ్వాలు జారింది. వెనక సీటులో ఉన్న ఫారెస్టు గార్డు గున్నయ్య దిగ్గున లేచాడు.

"అమ్మా, బారసింగా కొమ్మిది! ఆ దుప్పులు దేశంలో గుప్పెడు మిగిలేయి. నీకెక్కడిదిది?"

"దుప్పిది కాదు బాబూ, సముద్రంలో పెరిగింది."

"దుప్పి సముద్రంలో ఏటి పెరుగుతాదమ్మా?"

బస్సంతా నవ్వింది. గున్నయ్య ఆమెను రేంజాఫీసు దగ్గర దింపించి లోపలికి తీసుకెళ్లాడు. రేంజరు గోవిందరాజులు కళ్లజోడు సర్దుకున్నాడు.

"ఇది చెట్టా, రాయా, జంతువా?"

తప్పు పాఠం చెప్పడం ప్రేమలీలకు చేతకాదు. "జంతువేనండి."

"రాసుకో గున్నయ్యా. బతికుందా?"

"చచ్చిపోయిందండి. ఒకటి కాదు, ఇందులో వేల జంతువులు..."

గున్నయ్య చేతిలోని పెన్ను జారిపడింది. "వేలా! బాబూ, అడవంతా కాళీ సేసేసిందండీ!"

ఈలోగా బస్సు ఆ కబురును బడిదాకా మోసింది. హెడ్మిస్ట్రెస్ మార్తమ్మ రొప్పుతూ రిక్షా దిగింది.

"టీచరు దుప్పిని పొడిసిందని ఒకరు, దుప్పే టీచర్ని పొడిసిందని ఒకరు! ఇన్‌స్పెక్టరుగారు నా గదిలో కూకున్నారు. ఏటమ్మీ యిది?"

ప్రేమలీలకు ముందు ఏడుపు, ఆ వెనకే కోపం వచ్చాయి. తలెత్తి చూస్తే రేంజరు తల వెనక గోడ మీద బారసింగా కొమ్ములు నిగనిగలాడుతున్నాయి.

"అవి అసలువి. మా మావగారు కుర్రతనంలో వేటాడి, నా పెళ్లికిచ్చేరు," అన్నాడాయన గర్వంగా. "పక్కపక్కన పెట్టి చూద్దాం."

"నిమ్మకాయ తెప్పించండి," అంది ప్రేమలీల. "పగడం సున్నపురాయి లాంటిది, పులుపు తగిలితే పొంగుతుంది. కొమ్ము ఎముక లాంటిది, పొంగదు."

రసం పడగానే పగడం బుసబుసా నురగ కక్కింది. మార్తమ్మ ప్రభువుకు స్తోత్రం చెప్పింది. తేడా తనే చూపిద్దామన్న ఉత్సాహంతో గున్నయ్య స్టూలెక్కి, మిగిలిన నిమ్మచెక్కను గోడ మీది కొమ్ములపై, రంగు రాలిన చోట పిండాడు.

అవి ఇంకా ఎక్కువ పొంగాయి. అవి కొమ్ములే కావు, లోపలంతా పోతపోసిన సున్నమే!

గున్నయ్య వినయంగా అడిగాడు. "బాబూ, మావగారు ఏ సముద్రంలో కొట్టేరండీ దీన్ని?"

రేంజరు గబగబా జీపు తీయించి టీచర్లిద్దరినీ బడికి పంపాడు. పాఠం బ్రహ్మాండంగా సాగింది, ప్రేమలీల ఉద్యోగం ఖాయమైంది.

రేంజాఫీసు గోడ మీద ఇప్పుడు మేకు ఒక్కటే ఉంది. అది మాత్రం అసలుదే.