రెండుసార్లు వచ్చిన పోటు

ఆ ఉదయం అనూహ్య పెట్టుకున్న పని చిన్నదే. కాఫీ తాగి, కంప్యూటర్ వేసిన లెక్క ఒకసారి చూసుకుని, అబిడ్స్‌లోని ఆఫీసులో డైరెక్టర్ శ్రీపతిగారికి మ్యాపు అప్పగించాలి. సముద్రాన్ని కంప్యూటర్లో నడపడం ఆమె ఉద్యోగం. సముద్రం మొత్తం పట్టదు కనుక తీరం దగ్గర ఒక ముక్క కోసుకుంటారు. కోసిన అంచు తెరిచే ఉంటుంది. బయటి సముద్రపు పోటు ఆ అంచు మీదుగానే లోపలికి రావాలి. ఎంత రావాలో మనుషులే చెప్పాలి.

ల్యాప్‌టాప్ తెరిచేసరికి పాలరేవు అనే ఊరు నీళ్ల కింద ఉంది. ఆమె వెంటనే తనతో పనిచేసే అంజన్‌కి ఫోన్ చేసింది.

"అంజన్, కొంప మునిగింది. పాలరేవు మొత్తం పోయింది. గుడి కూడా కనబడట్లేదు."

"గట్లెట్ల పోతది మేడమ్? జర అంచు కాడ చూడున్రి. పోటు రెండుసార్లు ఇచ్చినమేమో."

అంజన్ మాట అనూహ్యకు వినబడింది. అనూహ్య మాట మాత్రం వంటింట్లో బెండకాయలు తరుగుతున్న అత్తగారు వెంకటరత్నమ్మకు కూడా వినబడింది. పాలరేవు ఆవిడ పుట్టినూరు. తమ్ముడు రాధాకృష్ణమూర్తి హెడ్మాస్టరుగా రిటైరై అక్కడే ఉంటున్నాడు. కోడలు గడప దాటగానే ఆవిడ ఫోన్ అందుకుంది.

"తమ్ముడూ, ఉన్నపళంగా బయల్దేరు. గుడి కూడా మునిగిందట!"

"గుడి నాకు కనబడుతూనే ఉందక్కా."

"నీకేం తెలుసు? మా కోడలు కంప్యూటర్లో చూసింది."

కంప్యూటర్ మాట వినగానే ఆయన తన కళ్లను నమ్మడం మానేశాడు. ఊరు మునుగుతోందని ఊరి వాళ్లందరికీ ఒక వాయిస్ మెసేజ్ పెట్టి, భార్యనీ ఇరుగుపొరుగునీ వెంటబెట్టుకుని స్టేషనుకు నడిచాడు.

ఆఫీసులో అంజన్ అనుమానమే నిజమైంది. అంచు దగ్గర పెట్టడానికి పెద్ద సముద్రపు లెక్క నుంచి అరువు తెచ్చుకున్న నీటిమట్టంలో పోటు ముందే కలిసి ఉంది. వీళ్లు దాని మీద ఇంకోసారి కలిపారు. అది చెప్పడానికి అనూహ్య లేచేలోగా శ్రీపతిగారే గంభీరంగా ఎదురొచ్చారు.

"కంప్యూటర్ వేసిన బొమ్మ చూశా, కరెక్టేనమ్మా. ఊరు మునుగుతోందని అక్కడి హెడ్మాస్టరుగారే చెబుతున్నారు, ఈ వాయిస్ మెసేజ్ చేతులు మారి నాదాకా వచ్చింది, విను. ఇంతకన్నా రుజువేం కావాలి? అక్కడి హార్బరుకి హెచ్చరిక పంపించేస్తున్నా."

ఫోన్లో రాధాకృష్ణమూర్తి గొంతు వినగానే, పొద్దున తను మాట్లాడుతున్నప్పుడు అత్తగారు వంటింట్లోనే ఉన్న సంగతి అనూహ్యకు గుర్తొచ్చింది. ఆ హెచ్చరిక వెళితే వేటకెళ్లిన పడవలన్నీ ఖాళీగా తిరిగొస్తాయి. రేపు నిజంగానే సముద్రం పొంగితే ఒక్కరూ నమ్మరు.

"ఆగండి సార్! ఆయన మా అత్తయ్య తమ్ముడు. ఆయనకి చెప్పింది అత్తయ్య. అత్తయ్య విన్నది నా మాట. నేను చెప్పింది తప్పు."

శ్రీపతిగారు ఫోన్ మీద నుంచి వేలు మెల్లగా తీసేశారు.

ఒక పోటు తీసేసి మళ్లీ లెక్క వేస్తే సాయంత్రానికి పాలరేవు పొడిగా బయటపడింది. అప్పటికి ఆ ఊరి జనం రైల్లో ఉన్నారు.

తెల్లవారి నాంపల్లి స్టేషన్లో అనూహ్య గొడుగు పట్టుకుని నిలబడింది. వేకువ నుంచి ఒకటే వాన. రాధాకృష్ణమూర్తి తన వాళ్లతో బయటికొచ్చేసరికి రోడ్డు మీద మోకాలి లోతు నీళ్లు. ఆటోలు ఎక్కడివక్కడ ఆగిపోయాయి. అందరూ సామాన్లు నెత్తికెత్తుకుని దగ్గర్లో ఉన్న అబిడ్స్ ఆఫీసు వైపు నడక మొదలుపెట్టారు.

"తప్పు నాదే బాబాయిగారూ. మీ ఊళ్లో చుక్క నీరు కూడా రాలేదు," అంది అనూహ్య, తల దించుకుని.

ఆయన పంచె పైకి ఎగ్గట్టి, ముందున్న నీళ్లకేసి ఒకసారి చూశాడు.

"పోనీలేమ్మా. ఇక్కడ ఆటు ఎప్పుడో అది చెప్పు."