యువరాజు వారి గేటు నాట్యం

పలాస, కాశీబుగ్గ పురప్రజలకు శుభవార్త. జీడిపప్పు ఫ్యాక్టరీ యజమాని శ్రీ తారకేశ్వరరావు గారి కుక్క యువరాజుకు నాట్యశిక్షణ విజయవంతంగా ముగిసింది.

కొత్తింటి గృహప్రవేశానికి వచ్చే పెద్దలకు కుక్క చేత స్వాగతనృత్యం చేయించాలని వారి శ్రీమతి కళావతమ్మ గారు ముచ్చటపడ్డారు. బడి వార్షికోత్సవాల్లో పిల్లల్ని గెంతించే టెక్కలి ప్రదీప్ మాస్టారిని పిలిపించారు. బిస్కెట్టు చూపిస్తే యువరాజు మొహం తిప్పుకుంది. ఎంతైనా పలాస కుక్క కదా! మాస్టారు పద్ధతి మార్చారు. వెనకకాళ్ళ మీద నిలబడితే జీడిపప్పు ముక్క, గుండ్రంగా తిరిగితే బద్ద. వెనక్కి నడుస్తూ వెళ్ళి ముందుకాళ్ళు జోడిస్తే గుండు పప్పు. ఒక అడుగు కుదిరాకే ఇంకో అడుగు నేర్పారు. చివరికి మాస్టారి వేళ్ళ నుంచి పప్పు వాసన తగిలితే చాలు, చేతిలో ఏమీ లేకపోయినా యువరాజు నాట్యమంతా ఆడి చూపించేది.

గృహప్రవేశం ఘనంగా జరిగింది. మర్నాడు సాయంత్రం యజమాని గారు యువరాజును ఫ్యాక్టరీకి తీసుకొచ్చారు. పని వదిలే వేళ. పప్పుకు పొట్టు తీసే దాలమ్మ గేటు దాటబోతోంది. యువరాజు ఆమె ముందు లేచి నిలబడి, తిరిగి, వెనక్కి నడిచి, నమస్కారం పెట్టింది.

పప్పు ఉన్నచోటే కుక్క ఆడుతుంది, కుక్క ఆడింది గనక పప్పు ఉంది. యజమాని గారి బుర్ర పాదరసం. కాపలా రత్నాలమ్మ చేత దాలమ్మ కొంగు, కొప్పు, టిఫిన్ డబ్బా వెతికించారు. ఏమీ దొరకలేదు. దొరకలేదంటే ఎంత ఆరితేరిన దొంగో అని అందరూ ముక్కున వేలేసుకున్నారు.

"పొద్దస్తమానూ పప్పు ఒలిసిన సేతులు బాబూ. పప్పు వాసన రాక మరేటి వాసనొత్తాది?" అంది దాలమ్మ.

అయినా న్యాయం న్యాయమే కదా. బహిరంగ విచారణ ఏర్పాటు చేశారు. యజమాని గారు ప్రసంగించారు: "మనిషి మాట మారుస్తాడు. కుక్క మార్చదు. ఈ రోజు నుంచి మన సంస్థలో నిజాయితీకి యువరాజే కొలమానం."

ఆడవాళ్ళందరినీ వరసగా నడిపించారు. ప్రతి ఒక్కరి ముందూ యువరాజు ఆడింది. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు వాళ్ళంతా చేతులు కొంగుల్లో దాచుకున్నారు. అది రెండో రుజువు. తర్వాత మేనేజరు ఢిల్లీబాబు వచ్చాడు. అప్పుడే కారు డిక్కీలో సీలు వేసిన పప్పు డబ్బాలు సర్దుకుని వచ్చాడు. సీలు వేసిన డబ్బాకు వాసన ఉండదు. యువరాజు ఆవులించి పడుకుంది. మేనేజరు గారికి శాలువా కప్పారు.

అందరినీ తీసేస్తే పప్పు ఎవరు ఒలుస్తారు? అందుకని పెద్దమనసుతో దాలమ్మ ఒక్కదాన్నే తీసేశారు. మిగతా వాళ్ళు దొంగలుగానే పనిలో కొనసాగుతున్నారు.

దాలమ్మ మొగుడికి రెండు కిడ్నీలూ పోయాయి. కిడ్నీ జబ్బు ఇంటింటా ఉన్న ఉద్దానంలో ఈ మాట ఎవరినీ ఉలిక్కిపడేలా చేయదు. అతను సముద్రం మీద చేపల వేటకు వెళ్ళడం మానేశాక ఆ ఇంట్లో పొయ్యి వెలిగేది ఆమె కూలితోనే. సంతబొమ్మాళి దాకా తిరిగినా పని దొరకలేదు. వారాలు గడిచి చేతుల వాసన పోయాక మళ్ళీ గేటు దగ్గరికొచ్చి, యువరాజు ముందు చేతులు చాపింది. అది వాసన చూసి పక్కకు తిరిగి పడుకుంది. యజమాని గారి కళ్ళు చెమర్చాయి. మనిషి మారగలడని మెచ్చుకుని అప్పటికప్పుడు పనిలోకి తీసుకున్నారు.

దాలమ్మ ఆ పూటంతా తలెత్తకుండా పప్పు ఒలిచింది. సాయంత్రం గేటు దగ్గర యువరాజు మునుపటికంటే గొప్పగా ఆడింది. ఆమెను మళ్ళీ తీసేశారు.

"పని సేత్తే దొంగని, మానేత్తే మంచిదాన్ని. మరి మేం తినేదెప్పుడు బాబూ?" అని అడిగింది దాలమ్మ. ఆ ప్రశ్న విచారణ పరిధిలోకి రాదని తెలియజేశారు.

పలాస వచ్చే పాఠకులు జంకవలసిన పని లేదు. కొనుక్కున్న సీలు వేసిన జీడిపప్పు ప్యాకెట్టు చేత్తో పట్టుకుని మరీ ఆ గేటు ముందు నిలబడవచ్చు. మనలాంటి వాళ్ళను చూస్తే యువరాజు పడుకుంటుంది.